మా పొలం కింద పెట్రోలు పైపులైను: తనిఖీ చేసేదెవరు, చేశారో లేదో మనకి తెలిసేదెలా?

మున్నేటి_ఒడ్డు

అందరికీ నమస్కారం. మాది ఎన్టీఆర్ జిల్లా, మున్నేరు పక్క ఊరు. నాన్నగారి పత్తి చేనులో నుంచి పెట్రోలు, డీజిల్ వెళ్ళే పైపులైను ఉంది. నేను బళ్ళో చదువుకునే రోజుల్లో వేశారు. అప్పట్లో కొంత పరిహారం ఇచ్చారు, ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్లు పెట్టకూడదు అని కాగితం ఇచ్చారు. అంతవరకే మాకు తెలుసు.

2024 సెప్టెంబరు వరదల్లో ఆ పట్టీ పక్కన గట్టు కోసుకుపోయింది. మట్టి చాలా పోయింది. పైపు పైకి తేలలేదు గానీ ఎంత లోతులో ఉందో తెలియదు. పసుపు బోర్డు ఒకపక్కకి ఒరిగింది, దానిమీద ఫోన్ నంబరులో చివరి రెండంకెలు ఎండకి చెరిగిపోయాయి. నాన్నకి ట్రాక్టరు దించాలంటే భయం, దించకపోతే సేద్యం ఆగిపోతుంది. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. లైనుని పట్టించుకునేవాళ్ళు అసలు ఎవరు? వాళ్ళమీద అజమాయిషీ ఎవరిది? అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

లైన్‌లో_30_ఏళ్ళు

బాబూ, ముందు లోతు సంగతి తేలేదాకా ఆ పట్టీలో నాగలి, రోటవేటరు ఏదీ దించొద్దని నాన్నగారికి చెప్పు. మామూలు నేలలో పైపు మీద కనీసం మీటరు మట్టి ఉండాలి. వరద దాన్ని సగం చేసి ఉండొచ్చు.

నేను ఒక కంపెనీలో పైపులైను ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. పేరు అక్కర్లేదు. లైను ఆరోగ్యం తెలుసుకోవడానికి పైన మనిషి నడుస్తాడు. తుప్పు పట్టకుండా పైపుకి కొద్దిగా కరెంటు ఇస్తారు, దాన్ని మేం సీపీ అంటాం, పొలాల్లో కనపడే చిన్న సిమెంటు స్తంభాల దగ్గర దాని రీడింగు తీస్తారు. మైనస్ 0.85 వోల్టులు, లేదా అంతకన్నా ఎక్కువ మైనస్‌లో ఉండాలి. ఇక లోపల చూసేది పిగ్ అనే యంత్రం. పెట్రోలే దాన్ని తోసుకుంటూ పోతుంది. దాని ఒంటినిండా అయస్కాంతాలు, సెన్సార్లు. పైపు గోడ పలచబడిన చోట అయస్కాంత బలం బయటికి చిమ్ముతుంది, సెన్సారు పట్టుకుంటుంది. చివరికి ఫలానా కిలోమీటరు దగ్గర, పైపు గుండ్రాన్ని గడియారం అనుకుంటే 5 గంటల వైపున, గోడ ఇంత శాతం పోయింది అని రిపోర్టు వస్తుంది.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. తవ్వి చూడాలి. ఒకసారి రిపోర్టులో 30 శాతం అని ఉన్నచోట తవ్వాం. పైన మట్టి జేసీబీతో తీసి, ఆఖరి అర మీటరు పారలతో తీశాం. పైపు కనపడ్డాక చేత్తో తుడిచాను. కోటింగు ఒకచోట బొబ్బలా ఉబ్బి ఉంది. బ్లేడుతో కోస్తే నీళ్ళు కారాయి. కింద తెల్లటి పొడి, అది గీకితే శనగగింజంత నల్లటి గుంటలు వరసగా ఉన్నాయి. గేజీ పెట్టి కొలిస్తే 42 శాతం. మెషీన్ ఏదైనా కొంత అటూ ఇటూ చెబుతుంది, అందుకే తవ్వడం.

ఇంకోచోట మాత్రం పొలం పైరు మీద ఉంది, రైతు తవ్వనివ్వలేదు. కోత అయ్యాక చూద్దామని ఫైల్లో రాశాం. కోత అయింది, మళ్ళీ నాట్లు పడ్డాయి. రెండు పంటలు గడిచిపోయాయి. ఏమీ కాలేదు, కానీ ఆ రెండు పంటల కాలం నాకు సరిగ్గా నిద్ర లేదు. పంట నష్టం అక్కడికక్కడే కట్టిచ్చే అధికారం మా చేతిలో ఉండి ఉంటే ఆ రైతు ఒప్పుకునేవాడే.

గోదారి_టు_టెక్సాస్

పెద్దాయన చెప్పిన చివరి మాట దగ్గర ఆగిపోయాను. నేను ఇక్కడ హ్యూస్టన్‌లో ఈ పిగ్ డేటా చూసే పనిలోనే ఉన్నాను. కొత్తగా చేరినవాళ్ళందరికీ మాకు రెండు ప్రమాదాల గురించి చెబుతారు. రెండింట్లోనూ పిగ్ ముందే ఏదో ఉందని చెప్పింది, రెండుచోట్లా తవ్వలేదు.

మొదటిది వాషింగ్టన్ రాష్ట్రంలో బెల్లింగ్‌హామ్. 1994లో నీటిశుద్ధి కేంద్రం పనుల్లో యంత్రం తగిలి పైపుకి దెబ్బ తగిలింది. పిగ్ తనిఖీల్లో ఆ దగ్గర్లో తేడాలు కనపడ్డాయి, తవ్వకుండా వదిలేశారు. 1999 జూన్ 10న అక్కడే పగిలి 2,37,000 గ్యాలన్ల పెట్రోలు వాగులో కలిసి అంటుకుంది. వాగు దగ్గర ఆడుకుంటున్న పదేళ్ళ పిల్లలిద్దరు, చేపలు పడుతున్న 18 ఏళ్ళ కుర్రాడు చనిపోయారు. ప్రమాదకర ద్రవాల పైపులైన్లకి, లైను గట్టిగా ఉందో లేదో కంపెనీయే క్రమంగా చూసుకోవాలనే ఇంటెగ్రిటీ మేనేజ్‌మెంట్ నిబంధనలు అమెరికాలో వచ్చింది దీని తర్వాతే. జనం ఉన్నచోట్ల, తాగునీటి వనరుల దగ్గర లైన్లని ఐదేళ్ళకోసారి మళ్ళీ పరీక్షించాలి. గోడ 80 శాతానికి మించి పోతే తక్షణం బాగుచేయాలి, మరికొన్ని లోపాలకి 60 రోజులు, 180 రోజులు గడువు.

నియమం ఉన్నంత మాత్రాన సరిపోలేదని మిషిగన్‌లో తెలిసింది. 2010 జులై 25 సాయంత్రం, మార్షల్ దగ్గర ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ 6బి లైను. 1969లో వేసిన 30 అంగుళాల పైపు, చుట్టిన టేపు కోటింగు ఊడి కింద పగుళ్ళు వచ్చాయి. పగిలిన పైపు ముక్కలో ఆరు లోపాలు ఉన్నాయని 2005 తనిఖీలోనే కనపడింది. పగులు ఆరడుగుల ఎనిమిదంగుళాలు. కంట్రోల్ రూమ్‌లో అలారాలు మోగాయి, లైనులో ఖాళీ ఏర్పడిందనుకుని రెండుసార్లు మళ్ళీ పంపులు వేశారు. మొత్తం 8,43,444 గ్యాలన్ల ముడిచమురు పోతే, అందులో 81 శాతం అలా మళ్ళీ వేసినప్పుడు పోయిందే. 17 గంటలు తెలుసుకోలేదు. ఆ ఊరి జనం మాత్రం తొలి రాత్రే వాసన వస్తోందని అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేశారు. ఫైర్ వాళ్ళు వచ్చి వెతికి వెళ్ళిపోయారు. చివరికి కంట్రోల్ రూమ్‌కి చెప్పింది ఒక గ్యాస్ కంపెనీ ఉద్యోగి.

విచారణ చేసిన అమెరికా రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ కంపెనీతో సరిపెట్టలేదు. పైపులైన్ల మీద అజమాయిషీ చేసే పీహెచ్‌ఎంఎస్‌ఏ నిబంధనలు బలహీనంగా ఉన్నాయనీ, పర్యవేక్షణ చాల్లేదనీ రాసింది. ఈ ఉద్యోగంలో నేను గౌరవించే విషయం ఇదే. తప్పు పట్టేవాళ్ళు నియంత్రణ సంస్థకి బయట ఉండాలి.

ఇంకోటి, మీ వరద సంగతికి నేరుగా పనికొచ్చేది. ఇక్కడ అమెరికాలో 2019లో తెచ్చిన నియమం ప్రకారం వరదలాంటి పెద్ద విపత్తు వచ్చి వెళ్ళాక 72 గంటల్లోగా దెబ్బతినే అవకాశం ఉన్న లైనుని చూడడం మొదలుపెట్టాలి.

కోనసీమ_కొబ్బరి

ద్రవాల లైను కాకపోయినా ఇక్కడ చెప్పాలనిపించింది. నాగారం మా ఊరికి దగ్గరే. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గ్యాస్ లైను పేలింది. మా ఇంటి తలుపులు అదిరాయి, ఆకాశం ఎర్రగా అయింది. 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో తేమతో ఉన్న గ్యాస్ పోయిందనీ, లోపల నీరు చేరి తుప్పు తినేసిందనీ తర్వాత విచారణలో వచ్చింది. వాసన గురించి ముందే చెప్పామని ఆ ఊరివాళ్ళు అప్పట్లో చెప్పుకుని ఏడ్చారు. పైన చెల్లెమ్మ మిషిగన్ గురించి రాసింది చదివితే చేతులు వణికాయి. మాడిపోయిన కొబ్బరి మొవ్వులు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి.

వకీలు_బెజవాడ

మున్నేటి_ఒడ్డు గారూ, మన దగ్గర ఎవరు ఏంటో చెబుతాను.

మీ భూమిలో హక్కు తీసుకున్నది 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం కింద. భూమి మీదే, వాడుకునే హక్కు మాత్రమే వాళ్ళది. ఆ హక్కుకి నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు. కానీ తవ్వకాల్లో, మరమ్మతుల్లో పంట పోతే ఆ నష్టం విడిగా కట్టాల్సిందే. చాలామంది రైతులకి ఇది తెలియక, తవ్వకానికి అడ్డం పడతారు. పెద్దాయన చెప్పిన చిక్కు అక్కడే వస్తుంది.

భద్రత విషయానికొస్తే 2006 చట్టంతో వచ్చిన పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డు పీఎన్‌జీఆర్‌బీ సాంకేతిక ప్రమాణాలు, ఇంటెగ్రిటీ నిబంధనలు, అత్యవసర ప్రణాళిక నిబంధనలు పెట్టింది. మూడో పక్షం సంస్థలతో తనిఖీ చేయించాలి. ప్రమాణాలు రాసేది, ఆడిట్లు చేసేది పెట్రోలియం శాఖ కింద ఉన్న చమురు పరిశ్రమ భద్రతా విభాగం ఓఐఎస్‌డీ. నాగపూర్ కేంద్రంగా ఉన్న పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో 2002 పెట్రోలియం నియమాల కింద అనుమతులు చూస్తుంది. ఇన్ని ఉన్నాయి కదా అని ధీమా పడకండి. మూడు కార్యాలయాలున్నచోట రైతు ఏ గుమ్మం ఎక్కాలో ఎవరూ చెప్పరు. అమెరికాలో ప్రమాదాల డేటా ఎవరైనా ఇంట్లో కూర్చుని దింపుకోవచ్చు. మన ఆడిట్లలో ఏం తేలిందో ఊరివాడికి చేరదు. అది చేరేదాకా మనం అడుగుతూనే ఉండాలి.

ప్రభుత్వరంగ కంపెనీ అయితే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మ్యాపులు, డ్రాయింగులు అడిగితే భద్రత పేరుతో తిప్పి పంపవచ్చు. తేదీలు, లెక్కలే అడగండి. మీ సెక్షన్‌లో చివరి పిగ్ ఎప్పుడు నడిచింది, తవ్వి చూడాలని రాసినవాటిలో ఎన్ని తవ్వారు, మీ మండలంలో చివరి మాక్ డ్రిల్ ఎప్పుడు.

రోజూ_నడిచేవాణ్ణి

నేను లైన్ వాకర్‌ని అన్నా, వేరే జిల్లా. రోజూ తెల్లారకముందే బయల్దేరతా. మెడలో జీపీఎస్ పెట్టె ఉంటది, ఆగితే ఆఫీసులో తెలుస్తది. నేను చూసేది మట్టిని, పైరు రంగుని. చుట్టూ పచ్చగా ఉండి ఒక్కచోట పైరు మాడితే అక్కడ కూర్చుని వాసన చూస్తా. కొత్త మట్టి కనపడితే ఎవరైనా దొంగతనానికి కన్నం పెట్టారేమోనని చూస్తా. గట్టు కొట్టుకుపోతే ఫోటో పంపుతా. తర్వాత ఎప్పుడు పూడుస్తారో నాకు చెప్పరు, రైతు నన్నే అడుగుతాడు.

నీ బోర్డులో నంబరు చెరిగితే పక్క పొలంలో బోర్డు చూడు, లేకపోతే వాల్వు స్టేషన్ గేటు మీద ఉంటది. ఫోన్ చేసినప్పుడు ఊరు పేరుతో ఆగొద్దు, బోర్డు మీద కిలోమీటరు నంబరు చెప్పు. అది చెబితేనే కంట్రోల్ రూమోళ్ళకి అర్థమవుతది. వాసన వస్తే మాత్రం మోటారు స్విచ్చి వేయొద్దు, ఫోన్ దూరంగా పోయి చెయ్యి, గాలికి ఎదురుగా నడువు.

మున్నేటి_ఒడ్డు

అందరికీ చేతులెత్తి దండం. అన్న చెప్పినట్టు పక్క చేనులో బోర్డు వెతికి నంబరు తీసి, కిలోమీటరు నంబరు చెప్పి నిన్న రాత్రి ఫోన్ చేశాను. ఈ పొద్దున ఇద్దరు వచ్చారు. లొకేటరు పెట్టి కొలిస్తే పైపు మీద 55 సెంటీమీటర్ల మట్టే ఉంది, ఒకచోట ఇంకా తక్కువ. ఎర్ర రిబ్బను కట్టారు, మట్టి బస్తాలు వేసి పూడుస్తామన్నారు. సిమెంటు స్తంభం దగ్గర రీడింగు కూడా తీశారు, మైనస్ 1.02 చూపించింది. మర్యాదగా మాట్లాడారు. చివరి పిగ్ ఎప్పుడని అడిగితే ఆఫీసుని అడగమన్నారు. దరఖాస్తు రాశాను, రేపు పోస్టు చేస్తాను.

నాన్న సాయంత్రం సున్నం డబ్బా తీసుకెళ్ళి మోటారు షెడ్డు గోడ మీద ఆ ఫోన్ నంబరు పెద్దక్షరాలతో రాశారు.

లైన్‌లో_30_ఏళ్ళు

మైనస్ 1.02 మంచి రీడింగే బాబూ. బస్తాలు వేసేటప్పుడు రాళ్ళున్న మట్టి వద్దను, కోటింగు చిరుగుతుంది. గోడ మీద నంబరు పక్కనే కిలోమీటరు నంబరు కూడా రాయమను.