లూథరన్ చర్చిలో క్వయర్, ఆర్గన్ కచేరీల సీజన్: తేదీలు, పాటలు, ట్యూనింగ్ ఎలా కుదుర్చుకోవాలి?

గుంటూరు_ఆల్టో

ఇల్లినాయ్‌లో మా లూథరన్ సంఘం 2026 సెప్టెంబరు నుంచి 2027 మే లోపు అయిదు ఆదివారం సాయంత్రాలు కచేరీలు పెట్టాలనుకుంటోంది. ఏర్పాట్లు నా మీద పడ్డాయి.

ఉన్న సరుకు ఇది: క్వయర్‌లో 24 మంది (సొప్రానో 9, ఆల్టో 7, టెనార్ 3, బాస్ 5). వెనక గ్యాలరీలో రెండు మాన్యువళ్ళు (చేతి కీబోర్డులు), పెడల్ (కాళ్ళతో వాయించే కీబోర్డు), 22 స్టాపుల (ఒక్కో రకం నాదమిచ్చే పైపుల వరసల) ట్రాకర్ ఆర్గన్ (కీలకు, పైపులకు మధ్య కర్రల లింకులతో పనిచేసేది). శ్రుతి A=440. ఏసీ లేదు, చలికాలంలో రేడియేటర్లు. వాయిద్యగాళ్ళను డబ్బిచ్చి పిలవడానికి ఒక్క కచేరీకే బడ్జెట్ ఉంది.

ఏ తేదీలకు ఏం పెట్టాలి? ట్యూనర్‌ని ఎప్పుడు పిలవాలి? సంఘంలో ఆంధ్ర లూథరన్ కుటుంబాలు కొన్ని ఉన్నాయి, ఒక తెలుగు కీర్తన ఆర్గన్‌తో పాడదామంటున్నారు. అది కుదిరే పనేనా?

కంటిన్యువో

పాటల జాబితా ముందు రాసుకుని తేదీలు తర్వాత వెతికితే చిక్కుల్లో పడతారండి. లూథరన్ చర్చిలో క్యాలెండరే ముందు. ఆ వారం చదివే సువార్త భాగం చూసి దానికి తగ్గ సంగీతం తెచ్చుకోవాలి. న్యూయార్క్ హోలీ ట్రినిటీ లూథరన్ చర్చిలో 1968 నుంచి, మీ రాష్ట్రంలోనే రివర్ ఫారెస్ట్ గ్రేస్ లూథరన్‌లో 1971 నుంచి బాఖ్ కాంటాటాలను (గొంతులకు, వాయిద్యాలకు కలిపి చాలా భాగాలుగా రాసిన ఆరాధన సంగీతం) సాయంకాల ఆరాధనలో కలిపి నడుపుతున్నది ఈ లెక్క మీదే.

మీ బడ్జెట్ మొత్తం నవంబరు 8 మీద పెట్టండి. ఆ ఆదివారం సువార్త మత్తయి 25:1–13, పదిమంది కన్యకల ఉపమానం. బాఖ్ 140వ కాంటాటా (1731) సరిగ్గా దీనికే రాసింది. పాత క్యాలెండరులో అది ట్రినిటీ (త్రిత్వ) ఆదివారం తర్వాత 27వ ఆదివారానిది. ఈస్టర్ మార్చి 27 కన్నా ముందొస్తే తప్ప ఆ ఆదివారమే రాదు. ఇప్పటి మూడేళ్ళ పాఠాల పట్టికలో మాత్రం ‘ఎ’ సంవత్సరంలో ఈ భాగం వస్తుంది, 2026 ‘ఎ’ సంవత్సరమే. ఇది వదులుకుంటే మళ్ళీ 2029 దాకా ఆగాలి.

మీ క్వయర్‌కి కూడా ఇదే నప్పుతుంది. ఏడు మూవ్‌మెంట్లలో అందరూ పాడేది మొదటిది, చివరిది మాత్రమే. మొదటిదాంట్లో సొప్రానోలకు పొడుగు స్వరాల్లో కోరల్ (లూథరన్ సంఘగీతం) రాగం ఒక్కటే, కష్టమంతా కింది మూడు గొంతులది. కాబట్టి మొదటి మూడు వారాలు సొప్రానోలను అరగంట ఆలస్యంగా రమ్మని, ఆ సమయం ఆల్టో, టెనార్, బాస్‌లకే ఇవ్వండి. నాలుగోది టెనార్లు ఒకే గొంతుగా పాడతారు, ముగ్గురు చాలు. కానీ మొదటి మూవ్‌మెంట్‌లో ముగ్గురు టెనార్లు తొమ్మిదిమంది సొప్రానోల కింద వినపడరు. ఇంకొకరిని ఎక్కణ్ణుంచైనా అరువు తెచ్చుకోండి. వారానికి గంటన్నర చొప్పున ఏడు రిహార్సల్స్ కావాలి. సోలోకి సొప్రానో, టెనార్, బాస్ ముగ్గురే, ఆల్టో సోలో లేదు.

వాయిద్యాలు: వయొలిన్ రెండు, వియోలా, చెల్లో, డబుల్ బాస్, ఓబో రెండు, ఇంగ్లిష్ హార్న్ (బాఖ్ ‘టాయ్’ అని రాసిన టెనార్ ఓబో పార్టుకి), బసూన్. తొమ్మిదిమంది. బాఖ్ రాసిన ఇత్తడి హార్న్ (ఇంగ్లిష్ హార్న్ కాదు) సొప్రానో రాగాన్నే వాయిస్తుంది, మీకు సొప్రానోలు పుష్కలంగా ఉన్నారు కాబట్టి ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. మూడో మూవ్‌మెంట్ సోలో వయొలీనో పిక్కోలోకి రాసింది, దాని శ్రుతి మామూలు వయొలిన్ కన్నా మైనర్ థర్డ్ పైన ఉంటుంది. పార్టులు ఆర్డర్ చేసేటప్పుడు మామూలు వయొలిన్‌కి రాసిన పార్టు ఉందో లేదో చూడండి. ఇది కచేరీ ముందురోజు శనివారం రిహార్సల్లో బయటపడితే చేసేదేం ఉండదు.

ఆ శనివారం రెండున్నర గంటలు చాలు. క్వయర్ మూవ్‌మెంట్లు ముందు పట్టి వాళ్ళను ఇంటికి పంపెయ్యండి, డ్యుయెట్లు ఆ తర్వాత. కాంటాటా అరగంటలోపే అయిపోతుంది. ముందు ఆర్గన్ మీద BWV 645 (BWV అంటే బాఖ్ రచనల జాబితా సంఖ్య) వాయిస్తే బాగుంటుంది, ఈ కాంటాటా నాలుగో మూవ్‌మెంట్‌నే బాఖ్ ఆర్గన్‌కి మార్చుకున్నాడు.

మిగతా తేదీలు గబగబా:

సెప్టెంబరు 27: హిమ్ ఫెస్టివల్. ఏడెనిమిది పాటలు, ఒక్కో చరణానికి ఒక్కో రిజిస్ట్రేషన్ (స్టాపుల ఎంపిక), ఒక చరణం ఆర్గన్ లేకుండా. ఖర్చు తక్కువ, జనం ఎక్కువ.

డిసెంబరు 6: ఆగమన కాలం (అడ్వెంట్). నవంబరు 29 మొదటి ఆదివారమే గానీ థాంక్స్‌గివింగ్ వారాంతం, సగం క్వయర్ ఊళ్ళో ఉండదు. బాఖ్ ఆర్గన్ ప్రిల్యూడ్ల పుస్తకం ఓర్గెల్‌బ్యూష్లైన్‌లోని మొదటి నాలుగు ప్రిల్యూడ్లు (BWV 599–602) అడ్వెంట్‌వే. ఒక్కోదానికి ముందు ఆ కోరల్‌ని క్వయర్ పాడితే అల్లిక కుదురుతుంది.

మార్చి 7: శ్రమల కాలం (లెంట్), వాయిద్యాలు లేకుండా. బాఖ్ కాలం లైప్‌జిగ్‌లో లెంట్ ఆదివారాల్లో మామూలుగా కాంటాటాలు ఉండేవి కావు. షూట్జ్ 1666 నాటి మత్తయి సువార్త పాషన్ (యేసు శ్రమల కథ) పూర్తిగా గొంతులకే రాసింది. సువార్తికుడు, యేసు పాత్రలకు గట్టి గాయకులు ఇద్దరు దొరికితే క్వయర్ భాగం తేలికే. మార్చి 14 వద్దు, ఆ రోజు గడియారాలు ముందుకు జరుగుతాయి, పొద్దున ఆరాధనకే సగంమంది ఆలస్యం. ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆదివారం సంగతి చెప్పక్కర్లేదు.

ఏప్రిల్ 25: పాత పేరు కాంటాటే ఆదివారం, జర్మన్ లూథరన్ చర్చిల్లో సంగీతానికి ప్రత్యేకమైన రోజు. ఆర్గన్ కచేరీ, మీ తెలుగు కీర్తన ఇక్కడ. మేలోకి తోస్తే వేడి.

ట్రాకర్_పని

వేడి ఎందుకు సమస్యో చెప్తాను. ఫ్లూ పైపుల (పిల్లనగ్రోవిలా ఊదితే మోగే మామూలు పైపుల) శ్రుతి ప్రతి డిగ్రీ సెల్సియస్‌కి దాదాపు 3 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) మారుతుంది. 70 ఫారన్‌హీట్ దగ్గర 440కి ట్యూన్ చేసిన ఆర్గన్, హాలు 82కి చేరితే 445 చుట్టూ ఉంటుంది. చలికాలంలో 60 దగ్గర వాయిస్తే 17 సెంట్లు కిందికి పోతుంది, అంతగా దిగడం ఓబోలకు కష్టం. రీడ్ స్టాపులు (లోహపు నాలుక కంపించి మోగే పైపులు) వేడికి అంతగా కదలవు, అందుకే ఫ్లూలతో పొసగనట్టు వినిపిస్తాయి. జనం ‘రీడ్లు చెడిపోయాయి’ అంటారు గానీ కదిలింది ఫ్లూలు. ట్యూనర్ రీడ్లను ఫ్లూలకు కలుపుతాడు, ఫ్లూల జోలికి వెళ్ళడు.

కాబట్టి ట్యూనింగ్ కచేరీ ముందురోజు పొద్దున, హాలు కచేరీ వేడిలో ఉండగా. రేడియేటర్లు శుక్రవారం సాయంత్రమే పెట్టండి, గంటకు రెండు ఫారన్‌హీట్ డిగ్రీలకు మించి పెంచొద్దు. ఒక్కసారి వేడెక్కిస్తే తేమ పడిపోతుంది. 40 శాతం కన్నా దిగి అలాగే ఉంటే విండ్‌చెస్ట్ (పైపుల కింద గాలి నిండే పెట్టె) చెక్క కుంచించుకుని గాలి పక్క పైపుల్లోకి పాకుతుంది. వేసవిలో తేమకి కీలు బిగుసుకోవడం దీనికి ఎదురు రకం. స్వెల్ బాక్స్ (కొన్ని పైపులను మూసి నాదం తగ్గించే పెట్టె) తలుపులు రాత్రంతా తెరిచే ఉంచండి, మూసేస్తే లోపలి పైపులు ఒక వేడిలో, బయటివి ఇంకో వేడిలో ఉండిపోతాయి. ట్యూనింగ్ జరిగే రెండు మూడు గంటలూ హాల్లో వాక్యూమ్ క్లీనర్ కూడా మోగకూడదు.

కచేరీ మధ్యలో ఒక స్వరం ఆగకుండా మోగితే (సైఫర్) ఆ కీని రెండు మూడుసార్లు టకటకా కొట్టండి, చాలాసార్లు పోతుంది. పోకపోతే ఏ స్టాపులో వినిపిస్తోందో దాన్ని మూసెయ్యండి. ఆర్గన్ పక్కన స్టాపులు లాగే అసిస్టెంట్‌కి ఇది ముందే నేర్పాలి.

బరోక్ వాయిద్యాల వాళ్ళు వస్తే వాళ్ళ శ్రుతి A=415, మీ ఆర్గన్‌కి అర్ధస్వరం కింద. అప్పుడు కీబోర్డు జరిపే వీలున్న చిన్న పాజిటివ్ ఆర్గన్ అద్దెకు తెచ్చుకోవాలి.

గుంటూరు_ఆల్టో

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. ఒక సందేహం. కాంటాటాకి క్వయర్, వాయిద్యాలు బలిపీఠం దగ్గర నిలబడాలని పాస్టరు గారి కోరిక. ఆర్గన్ వెనక గ్యాలరీలో, మధ్య దూరం 25 మీటర్లు. కెమెరా పెడితే సరిపోతుందా?

కంటిన్యువో

సరిపోదండి. ధ్వనికి 25 మీటర్లు దాటడానికి దాదాపు 73 మిల్లీసెకన్లు. ఆర్గనిస్ట్ చెవికి వినపడినదానితో కలిపి వాయిస్తే ముందున్నవాళ్ళకు ఆర్గన్ 146 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, నిమిషానికి 96 క్వార్టర్‌నోట్ల నడకలో అది దాదాపు ఒక సిక్స్‌టీన్త్. కెమెరా చూసి వాయిస్తే సగం తగ్గుతుంది, మిగతా సగం ఉంటుంది. పైగా డిజిటల్ కెమెరా, టీవీ తమ ఆలస్యం తాము కలుపుతాయి. పాత రకం వైరు కెమెరా మేలు. కాంటాటాలో ఆర్గన్ వాయించే కంటిన్యువో (పాటకు ఆధారంగా కింది స్వరాలు, కార్డులు) పార్టుకి బలిపీఠం దగ్గర పాజిటివ్ పెట్టండి, లేదా అందరూ గ్యాలరీ ఎక్కండి. పాస్టరు గారికి చూపు ముఖ్యమైతే మొదటిది. పెద్ద ఆర్గన్ విడిగా వాయించే ముక్కలకు ఉంచుకోండి.

శ్రుతి_లయ

కీర్తన గురించి. పాశ్చాత్య కార్డులు వేయొద్దు. ఆర్గన్‌ని తంబూరాలా వాడండి: 8 అడుగుల (అడుగులంటే పైపు పొడవు) ఫ్లూట్ స్టాపు ఒక్కటి, పెడల్లో 16 అడుగుల మెత్తని స్టాపు ఒకటి, సా పా మాత్రమే పట్టి ఉంచాలి. సమాన స్వరాల ట్యూనింగ్‌లో పంచమం సహజ స్థానానికి 2 సెంట్ల తేడాలోనే ఉంటుంది, చెవికి తెలియదు. గాంధారం 14 సెంట్లు హెచ్చు. దాన్ని పట్టి ఉంచితే పాడేవాళ్ళ గాంధారంతో కొట్టుకుంటుంది. మధ్యమ శ్రుతి కీర్తనైతే పాకి బదులు మా.

ఆధార శ్రుతి పాడేవాళ్ళ గొంతును బట్టి, ఆర్గనిస్ట్ సౌకర్యాన్ని బట్టి కాదు. ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి పాడితే ముందే పాడించి చూసుకోండి. చేతి తాళాలు ప్రతిధ్వని ఉన్న హాల్లో ఒకదాని మీద ఒకటి పడి లయ మసకబారుతుంది. ఒకే జత చాలు, మోగగానే వేళ్ళతో ఆపెయ్యాలి. తాళం వేసేవాళ్ళు పాడేవాళ్ళ మధ్యలోనే నిలబడాలి. పాట తెలుగు లిపిలో, ఇంగ్లిషు లిపిలో, అర్థంతో సహా కార్యక్రమం కాగితంలో వెయ్యండి. పల్లవి వరకు క్వయర్ మొత్తం నేర్చుకుంటే చాలు, చరణాలు మనవాళ్ళకే వదలండి.

కాపీ_లెక్కలు

ఒక్క మాట. అమెరికాలో ప్రచురణై 95 ఏళ్ళు దాటినవి ఎవరి అనుమతీ లేకుండా పాడుకోవచ్చు. కొత్త సంగీతమైతే, చర్చిలో నిజమైన ఆరాధనలో భాగంగా పాడే భక్తి సంగీతానికి మినహాయింపు ఉంది, విడి కచేరీకి లేదు; ప్రదర్శన లైసెన్స్ కావాల్సి రావచ్చు. ఆ మినహాయింపు ఫోటోకాపీలకూ, ఆన్‌లైన్ ప్రసారానికీ వర్తించదు. బాఖ్ పాతవాడే గానీ మీరు కొనే కొత్త ఎడిషన్‌కి, దాని ఇంగ్లిషు అనువాదానికి హక్కులు ఉండొచ్చు. కాంటాటా పుస్తకాలు 24 మందికి, కండక్టర్‌కి, ఆర్గన్‌కి, అదనంగా రెండు కలిపి 28 ఆర్డర్ చెయ్యండి, ఆగస్టులోనే.