పొలం దగ్గర పక్షులకు గింజలు వేయాలా, వద్దా?

చెరువుగట్టు:
ఊరి బయట మాకు కొంత స్థలం ఉంది. సగం సాగు, సగం పొదలు. పక్షులు, ఉడతలు వస్తూ పోతూ ఉంటాయి. రోజూ గింజలు వేద్దామని నా ఆలోచన. ఇంట్లోవాళ్లేమో "వాటి తిండి అవే వెతుక్కుంటాయి, అలవాటు చేయకు" అంటున్నారు. మీరేమంటారు?

పిచ్చుకగూడు:
తప్పకుండా వేయండి. బయట ఏమీ దొరకని రోజుల్లో గుప్పెడు గింజలే ప్రాణం నిలబెడతాయి. పైగా పిల్లలు పిట్టల్ని దగ్గరగా చూసేది అక్కడే. చూడకుండా ఇష్టం ఎలా పుడుతుందండీ?

మెట్టరైతు:
చూసే ఆనందం విషయంలో మీతో నాకు పేచీ లేదు. కానీ గింజలతో మొదలుపెట్టడం తలకిందుల పని. గింజలు తినే పిట్టల్లోనూ చాలావరకు పిల్లల నోట్లో పెట్టేది పురుగులనే. అమెరికాలో చికడీ అనే చిన్న పిట్టల జంట ఒక విడత పిల్లల్ని పెంచడానికి 6,000 నుంచి 9,000 గొంగళి పురుగులు పట్టాలని అక్కడి పరిశోధకులు లెక్కగట్టారు. అన్నేసి వేల పురుగులు స్థానిక చెట్ల మీదే దొరుకుతాయి. చాలా గొంగళి పురుగులు తరతరాలుగా అలవాటైన కొన్ని రకాల ఆకులు తప్ప ముట్టవు. వేరే ఖండం నుంచి తెచ్చిన అలంకరణ మొక్క ఎంత పచ్చగా ఉన్నా, దాని ఆకుకు చిల్లు పడడం అరుదు.

రోగాల సంగతీ ఉంది. బ్రిటన్‌లో 2005 నుంచి ట్రైకోమోనాసిస్ అనే గొంతు జబ్బు గ్రీన్‌ఫించ్ పిట్టల్ని భారీగా చంపింది. అది ఎంగిలి పడ్డ మేత, నీళ్ల ద్వారా అంటుకుంటుంది.

ఎండిన చెట్టు ఇంటి మీదో దారి మీదో పడే చోట లేకపోతే కొట్టించకండి. వడ్రంగి పిట్ట తొలిచి వదిలేసిన తొర్రలో తర్వాత గుడ్లగూబో చిలకో కాపురం పెడుతుంది. బెరడు పైకి లేచిన చోట తొంగిచూడండి. పొడిపొడిగా రాలే చెక్క, అందులో ముడుచుకున్న తెల్లటి పురుగులు, పక్కనే వాటి కోసం కాచుకున్న బల్లి!

పిచ్చుకగూడు:
చెట్లు ఎదగడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా? పొదలు వదిలేస్తే ఎలుకలు, పాములు వస్తాయని ఇంట్లో టెన్షన్ కూడా.

మెట్టరైతు:
ఇంటి చుట్టూ శుభ్రంగా ఉంచి, పొదల్ని హద్దుల వెంట వదలండి. నేల మీద రాలిన గింజలకూ ఎలుకలు చేరతాయి, వాటి వెనకే పాము. ఎలుకల మందు మాత్రం వద్దు. చాలా మందులకు ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది. దాన్ని పట్టిన గుడ్లగూబకూ ఆ విషం ఎక్కుతుంది. ఎలుకల్ని తగ్గించే పిట్టనే మనం చంపుకున్నట్టు.

స్థానిక గడ్డి, పూల మొక్కలైతే ఒక్క సీజన్‌లోనే అందుకుంటాయి. నీళ్లు ఈరోజే పెట్టొచ్చు. లోతులేని పళ్లెం, మధ్యలో ఒక రాయి, పిల్లి పొంచి ఉండే చాటుకు దూరంగా. తొట్టి లోతైనదైతే లోపలికి వాలుగా ఒక కర్ర వేయండి, పడిన ఉడత ఎక్కి రావాలి కదా.

పిచ్చుకగూడు:
మందు గురించి, ఎండిన చెట్టు గురించి ఒప్పుకుంటాను. అయినా తిండి కరువైన రోజుల్లో గింజలు వేయడం నేను మానను. పళ్లెం రోజూ కడుగుతాను, చోటు మారుస్తుంటాను, జబ్బు పిట్ట ఒక్కటి కనిపించినా వెంటనే ఆపేస్తాను.