గజం పొడవా, విస్తీర్ణమా?

ప్రశ్న: ‘ఆరు గజాల చీర’ అంటాం, ‘రెండు వందల గజాల స్థలం’ అనీ అంటాం. రెండూ ఒకే గజమేనా? జర్మనీలో ఉన్న మా అన్నయ్యకు ఇంటి స్థలం కొలత మీటర్లలో రాసి పంపాలి. 0.9144తో హెచ్చవేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. చీర గజం పొడవు: 36 అంగుళాలు, అంటే సరిగ్గా 91.44 సెంటీమీటర్లు. స్థలం దగ్గరికి వచ్చేసరికి అది చదరపు గజం. దస్తావేజులో ‘చదరపు’ ఉంటుంది, నోటి వాడుకలో రాలిపోయింది. కాబట్టి 0.9144తో రెండుసార్లు హెచ్చవేయాలి, అంటే 0.8361తో. 200 చదరపు గజాలు 167.2 చదరపు మీటర్లు. మీరు చెప్పిన లెక్కన 182.9 వస్తుంది. లేని చోట ఒక పడకగది పుట్టించి మీ అన్నయ్యగారికి పంపినట్టే!

మరొకరు: గజమంటే ఏనుగు కదా, ఆ పోలికతో వచ్చిన పేరేనా?

జవాబు: కాదు. ఏనుగు గజం సంస్కృతం. కొలత గజం పారసీ ‘గజ్’, ఉర్దూ వాడుకలోనూ అదే. ‘గజం మిథ్య, పలాయనం మిథ్య’ అన్నప్పుడు స్థలం బేరం గుర్తుకొస్తే తప్పు మీది కాదు. ఆ పాత గజ్ కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. అక్బరు నాటి ఇలాహీ గజాన్ని ఆంగ్లేయులు 33 అంగుళాలుగా లెక్కకట్టారు. నేటి మన గజం పేరుకు పారసీ, కొలతకు ఇంగ్లీషు యార్డు.

ఇంకొకరు: రెండు మూరలు ఒక గజమని మా అమ్మమ్మ అనేది.

జవాబు: నిజమే, మూరకు 18 అంగుళాలు, సుమారు 46 సెంటీమీటర్లు. అయితే పూలమ్మే ఆవిడ మూరను సెంటీమీటర్లలోకి మార్చే ప్రయత్నం చేయకండి. మోచేయి ఆవిడది, బేరం మీది. చీర విషయం వేరు. ఆరు గజాలు 5.486 మీటర్లు, అందుకే చీర పొడవు 5.5 మీటర్లని రాస్తారు. చీటీ మీద 6.3 కనిపిస్తే జాకెట్టు గుడ్డ కూడా కలిసిందన్నమాట.

మొదట అడిగినవారు: ధన్యవాదాలు. ఊళ్లో రెండు గుంటల పొలం కూడా ఉంది. దానికీ ఇదే లెక్కా?

జవాబు: ఇదే. గుంట 121 చదరపు గజాలు, కాబట్టి మీ రెండు గుంటలు 202.3 చదరపు మీటర్లు. గుంటే విస్తీర్ణం గనుక దాని ముందు ‘చదరపు’ రాయనక్కర్లేదు. కోస్తాలో సెంట్లలో చెబితే, సెంటుకు 48.4 చదరపు గజాలు.