వేసవిలో వేరే కాలేజీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసినవాళ్లు ఉన్నారా?

నేను బయాలజీ రెండో సంవత్సరం. మా డిగ్రీకి తప్పనిసరి అయిన ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండో భాగంలో ఈసారి నాకు సీటు దొరకలేదు. అది పూర్తి కాకపోతే బయోకెమిస్ట్రీలో చేర్చుకోరు, దాంతో ఏడాది వెనకబడతాను. అందుకే వేసవిలో మా ఇంటి దగ్గరి కాలేజీలో చేద్దామనుకుంటున్నాను.

చిక్కంతా క్రెడిట్ల దగ్గరే వచ్చింది. మాది సెమిస్టర్ పద్ధతి, అక్కడ క్వార్టర్ (సెమిస్టర్ కన్నా చిన్న టర్ములుగా ఏడాదిని విడగొట్టే పద్ధతి). ఒక క్వార్టర్ క్రెడిట్ సెమిస్టర్ క్రెడిట్‌లో మూడింట రెండు వంతులే కాబట్టి, అక్కడి 5 క్రెడిట్లు మాకు 3.33 అవుతాయి. నాకు కావాల్సినవి 4. ఇలా కొంచెం తక్కువైనప్పుడు మీ కాలేజీ ఒప్పుకుందా, లేక ల్యాబ్ మళ్లీ చేయమన్నారా? సిలబస్ పంపి ముందుగానే రాతపూర్వక అనుమతి తీసుకోమని సీనియర్లు చెప్పారు. అది నాకూ సరైన పనే అనిపిస్తోంది, కానీ సిలబస్‌తో పాటు ఇంకేం జతచేయాలి?

ఇంకోటి, ఆ కోర్సు పాఠాలన్నీ వేసవి 8 వారాల్లో పూర్తి చేయడం నిజంగా కుదురుతుందా? రియాక్షన్ మెకానిజమ్స్ నాకు నెమ్మదిగానే ఎక్కుతాయి, అదే టెన్షన్. పక్కన పార్ట్‌టైమ్ పని కూడా చేసినవాళ్లుంటే రోజుకు ఎన్ని గంటలు చదివారో దయచేసి చెప్పండి. ఫీజు కట్టడానికి ఇంకా రెండు వారాలే గడువు ఉంది.