ఫోస్టర్ కేర్ లెక్కల్లో జాతి తేడాలు ఎలా చూడాలి?

ప్రశ్న: అమెరికాలో నల్లజాతి పిల్లలు ఫోస్టర్ కేర్ (పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకెళ్ళి ప్రభుత్వం తాత్కాలికంగా వేరేచోట ఉంచే ఏర్పాటు) నుంచి సొంత ఇల్లు చేరడం ఎంత ఆలస్యమవుతోందో చూడాలి. సెప్టెంబరు 30న కేర్‌లో ఎవరెవరున్నారో చెప్పే ఆఫ్‌కార్స్ (ఫోస్టర్ కేర్, దత్తతలపై అక్కడి కేంద్ర ప్రభుత్వ డేటా) లెక్క సరిపోతుందా?

జవాబు 1: సరిపోదండీ. ఆ ఒక్కరోజు లెక్కలో ఏళ్ళతరబడి ఉండిపోయినవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. నెలకే ఇంటికెళ్ళినవాళ్ళు జారిపోతారు. ఒకే ఏడాది కేర్‌లో చేరినవాళ్ళందర్నీ తీసుకోండి. సొంత ఇంటికెళ్ళడం, దత్తత, బంధువుల సంరక్షణ, వయసు దాటి బయటపడడం విడివిడిగా లెక్కించండి. ఇంకా కేర్‌లోనే ఉన్నవాళ్ళని మాత్రం తీసెయ్యొద్దు.

జవాబు 2: పేదరికాన్ని లెక్కలోకి తెచ్చాక తేడా తగ్గితే వివక్ష లేదనెయ్యకండి. ఆ పేదరికం వెనకా వివక్ష ఉంది. 1997 చట్టం (దత్తత, సురక్షిత కుటుంబాల చట్టం) గడువు కూడా చూడండి: గత 22 నెలల్లో 15 నెలలు బిడ్డ కేర్‌లో ఉంటే, మినహాయింపులు పోను, తల్లిదండ్రుల హక్కుల రద్దుకి రాష్ట్ర ప్రభుత్వం పిటిషన్ వెయ్యాలి. అద్దె ఇల్లు దొరకని, చికిత్సకి వెయిటింగ్ లిస్టులో ఉన్న తల్లికి ఆ గడువు ఇట్టే కరిగిపోతుంది.

జవాబు 3: అమెరికా ఆదివాసీ పిల్లల్ని ‘ఇతరులు’లో కలిపెయ్యకండి. తెగ సభ్యత్వమున్నవాళ్ళకి, సభ్యుల పిల్లలై సభ్యత్వానికి అర్హులైనవాళ్ళకి 1978 చట్టం (ఇండియన్ చైల్డ్ వెల్ఫేర్ యాక్ట్) వేరుగా ఉంది. ముందు బంధువుల ఇల్లే చూడాలి.