సెంట్రల్ యూనివర్సిటీలో సీటొచ్చింది, ధర్నాలకి పోతే ఫ్యూచర్ పాడైతదా?
అన్నలూ అక్కలూ, నాకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ ఎంఏ సీటొచ్చింది, మాది నల్గొండ దిక్కు పల్లెటూరు, ఇంటర్ దాకా తెలుగు మీడియమే. 2025లో ఈ యూనివర్సిటీని ఆనుకొనే ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో జేసీబీలు చెట్లు కూల్చేస్తుంటే స్టూడెంట్స్ అడ్డంపోయిన వీడియోలు చూసిన, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నప్పుడు నేనే గెలిచినంత సంబరపడ్డ, కానీ ఇప్పుడు అక్కడికే పోవాలంటే గుండె దడదడ. నాన్నేమో జెండాలు పట్టకు, కేసైతే సర్కారు నౌకరి గోవిందా అంటడు (2011 సకల జనుల సమ్మెలో రోడ్డెక్కింది ఆయనే!). నిజంగనే ధర్నాలో కూర్చుంటే, ఎఫ్‌ఐఆర్‌లో పేరొస్తే, తర్వాత పోలీస్ వెరిఫికేషన్‌లో ఆపుతరా? ఏ సంఘంలోనూ చేరకపోతే హాస్టల్‌లో ఒంటరైపోతనా? ఇంకా ఇంగ్లీష్ లెక్చర్లు ఫస్ట్ సెమిస్టర్‌లో ఎట్ల నెట్టుకొచ్చిన్రు? అక్కడ చదివినోళ్లు చెప్పండి ప్లీజ్.