ఏఎఫ్ ఆగడం లేదు: అమియోడరోన్‌తోనే నెట్టుకురావాలా, అబ్లేషన్‌కి వెళ్లాలా?

గోదారిగట్టు:
నాన్నగారికి 64 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. బరువు 84 కేజీలు, ఎత్తు 166 సెం.మీ. జనవరి నుంచి ఎప్పుడు ఈసీజీ తీసినా ఏట్రియల్ ఫిబ్రిలేషనే (ఏఎఫ్, అంటే గుండె పై గదులైన కర్ణికలు లయ తప్పి కొట్టుకోవడం). ఎకోలో ఎడమ కర్ణిక 44 మి.మీ., ఈఎఫ్ (గుండె ఒక్కో దెబ్బకి బయటికి నెట్టే రక్తం వాటా) 50 శాతం, కవాటాలు బాగున్నాయి. మార్చిలో ఛాతీ మీద కరెంటు షాక్ ఇస్తే లయ కుదిరింది, 11 రోజులకి మళ్లీ తప్పింది. ఆ తర్వాతే లయ నిలిపే మందు అమియోడరోన్ మొదలుపెట్టారు, ఇప్పుడు రోజుకి 200 మి.గ్రా. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ 50, రక్తం పలచన చేసే అపిక్సబాన్ 5 మి.గ్రా. రెండు పూటలా వాడుతున్నారు. ఒక డాక్టరు గారు మందులు చాలంటున్నారు, ఇంకొకరు అబ్లేషన్ (గజ్జల్లోంచి గుండెలోకి వెళ్లి తప్పుడు కరెంటు పుట్టే చోటుని నిర్జీవం చేయడం) చేయిద్దామంటున్నారు. దేన్నిబట్టి తేల్చుకోవాలి? అబ్లేషన్ చేయిస్తే రక్తం పలచన చేసే మాత్ర మానేయొచ్చా? నాన్నగారికి దాని భయమే ఎక్కువ.

నాడీపట్టు:
ముందు తేలాల్సింది ఒక్కటే. లయ కుదిరిన ఆ 11 రోజులూ ఆయనకి ఎలా ఉంది? తేడా స్పష్టంగా తెలిసి ఉంటే అబ్లేషన్ గురించి గట్టిగా ఆలోచించొచ్చు. ఏ తేడా లేదంటే లయ కోసం పాకులాడక్కర్లేదు, వేగాన్ని అదుపులో పెట్టుకోవడం కూడా సరైన వైద్యమే. 2010లో వచ్చిన రేస్-2 అధ్యయనంలో కూర్చున్నప్పటి గుండె వేగం నిమిషానికి 110 లోపు ఉంచినా, 80 లోపు ఉంచినా ఫలితంలో పెద్ద తేడా రాలేదు.

అయితే 'ఆయాసం ఉందా నాన్నా' అని అడక్కండి, లేదనే అంటారు. ఈ జబ్బున్నవాళ్లు తెలియకుండానే నడక తగ్గించేసుకుంటారు. 'పొద్దున్నే పాలకి ఎవరెళ్తున్నారు, మేడ మీద బట్టలు ఎవరు ఆరేస్తున్నారు' అని అమ్మగారిని అడగండి.

ఆయుష్షు లెక్క వేరు. 2019 నాటి కబానా అధ్యయనంలో 2204 మందిని మందులకీ అబ్లేషన్‌కీ పంచి చూస్తే, మరణం, పక్షవాతం వంటివి కలిపిన లెక్కలో కచ్చితమైన తేడా తేలలేదు. ఏఎఫ్ తిరగబెట్టడం, రోజువారీ ఇబ్బంది మాత్రం అబ్లేషన్ వర్గంలో తక్కువ. ఈఎఫ్ 35 శాతం లోపున్న గుండెలకి మాత్రం 2018 నాటి కాజిల్-ఏఎఫ్ అధ్యయనంలో ప్రాణానికే మేలు కనబడింది. నాన్నగారు ఆ కోవలోకి రారు. కానీ పాత ఎకో ఉంటే బయటికి తీయండి. అప్పట్లో 60 ఉండి ఇప్పుడు 50 అయితే, వేగంగా కొట్టుకోవడం వల్లే కండరం అలిసిపోతోందేమో చూడాలి. అలాగని ఏళ్ల తరబడి నాన్చకూడదు. ఏడాది దాటిన ఏఎఫ్ ఏ వైద్యానికైనా లొంగడం కష్టమవుతుంది.

మందులడబ్బా:
పైన చెప్పినదానికి ఒక చేర్పు. మార్చి షాక్‌కి అమియోడరోన్ అండ లేదు, కాబట్టి 11 రోజులకి తిరగబెట్టడాన్ని మందు ఓటమి కింద రాయకూడదు. ఈ మందు ఒంట్లో నిండాలి. మామూలుగా 200 మి.గ్రా. రోజుకి మూడుసార్లు ఒక వారం, రెండుసార్లు ఇంకో వారం, ఆ తర్వాత ఒకటి. అలా మొత్తం 10 గ్రాములు చేరడానికి నెల పడుతుంది. అప్పుడు మళ్లీ షాక్ ఇచ్చి చూడొచ్చేమో అడగండి. లయ నిలిస్తే 'ఎలా ఉంది' అన్న ప్రశ్నకి 11 రోజులు కాదు, రెండు మూడు నెలల జవాబు దొరుకుతుంది.

అలాగని అమియోడరోన్‌ని ఏళ్ల తరబడి వాడే మందుగా నేను లెక్కేయను. ఒక్కో 200 మాత్రలో సుమారు 75 మి.గ్రా. అయోడిన్ ఉంటుంది, థైరాయిడ్ పైకైనా పోవచ్చు, కిందికైనా రావచ్చు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), లివర్ పరీక్షలు 6 నెలలకోసారి, మొదట్లోనే ఒక ఛాతీ ఎక్స్‌రే చేయించాలి. పొడి దగ్గు, కొత్త ఆయాసం వస్తే ఊపిరితిత్తుల మీద అనుమానపడాలి. మందు ఆపినా నెలల తరబడి ఒంట్లోనే ఉంటుంది. కొలెస్ట్రాల్‌కి సిమ్వాస్టాటిన్ వాడుతుంటే 20 మి.గ్రా. మించకూడదు. మెటోప్రొలాల్ తోడుంది కాబట్టి నాడి 50 లోపు పడిపోయి కళ్లు తిరిగితే వెంటనే డాక్టరుకి చెప్పాలి.

అపిక్సబాన్‌ని భయంతో 2.5కి దించకండి. వయసు 80 లేదా ఆపైన, బరువు 60 కేజీలకి మించకపోవడం, క్రియాటినిన్ 1.5 లేదా ఆపైన: ఈ మూడింట్లో రెండుంటేనే తగ్గిస్తారు. ఆకుకూరల పట్టింపు రక్తం పలచన చేసే పాత మందులు ఎసిట్రోమ్, వార్ఫరిన్‌లకే, దీనికి గోంగూర అడ్డు కాదు. అసలు రక్తస్రావం ప్రమాదం మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి వేసుకునే డైక్లోఫెనాక్‌తో.

క్యాథ్‌ల్యాబ్ కబుర్లు:
అబ్లేషన్ అంటే గజ్జల్లోని సిర గుండా వెళ్లి, కర్ణికల మధ్య గోడ దాటి, ఊపిరితిత్తుల నుంచి వచ్చే నాలుగు సిరల మొదళ్ల చుట్టూ గీత గీసినట్టు కండరాన్ని నిర్జీవం చేయడం. తప్పుడు కరెంటు ఎక్కువగా అక్కడి నుంచే పుడుతుందని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు చూపించారు. ఆ పని వేడితోనైనా, చలి బెలూన్‌తోనైనా, కొత్తగా వచ్చిన పల్స్‌డ్ ఫీల్డ్ (క్షణకాలపు కరెంటు దెబ్బలు)తోనైనా చేస్తారు.

ముందు కనీసం 3 వారాలు అపిక్సబాన్ ఒక్క పూట తప్పకూడదు. తప్పితే దాచకుండా చెప్పండి, గొంతు ద్వారా ఎకో చేసి గుండెలో రక్తపు గడ్డ లేదని చూశాకే మొదలుపెడతారు.

వారాల తరబడి ఆగకుండా ఉన్న ఏఎఫ్‌లో ఒక్కసారి చేస్తే ఏడాది తర్వాత లయ నిలిచేది దాదాపు సగం మందికి, కాస్త అటూ ఇటూగా. రెండోసారి చేయాల్సి రావచ్చని ముందే అనుకోవాలి. మొదటి రెండు మూడు నెలల్లో దడ వచ్చినా విఫలమైందని కాదు, కాల్చిన చోటి వాపు అది.

గుండె చుట్టూ రక్తం చేరడం సుమారు నూటికి ఒకరికి జరుగుతుంది, బల్ల మీదే సూదితో తీసేస్తారు. గజ్జల్లో రక్తపు గడ్డ కడితే చిరాకేగానీ మానిపోతుంది. చాలా అరుదైనా ప్రాణాంతకమైంది ఒకటుంది: వేడి తగిలిన అన్నవాహికకీ గుండెకీ మధ్య రంధ్రం పడటం. ఇది ఇంటికొచ్చాక, సాధారణంగా 2 నుంచి 6 వారాల మధ్య బయటపడుతుంది. జ్వరం, మింగితే నొప్పి, కాలో చెయ్యో పడిపోవడం వస్తే ఊళ్లో ఎండోస్కోపీకి ఒప్పుకోవద్దు. అందులో ఊదే గాలి రంధ్రం గుండా గుండెలోకి, అక్కడి నుంచి మెదడుకి వెళ్తుంది. 'అబ్లేషన్ అయింది' అని చెప్పి ఛాతీ సీటీ అడగండి.

ఇక మాత్ర మానేసే సంగతి. అబ్లేషన్ అయ్యాక రెండు మూడు నెలలు ఎవరికైనా తప్పదు. ఆపైన చూసేది పక్షవాతం ముప్పుని లెక్కగట్టే చాడ్స్-వాస్క్ స్కోరునే, ఈసీజీని కాదు. బీపీకి 1, షుగర్‌కి 1, వచ్చే ఏడు 65 నిండగానే ఇంకో 1. మొత్తం 3తో సాధారణంగా మానేయమనరు. మాత్ర మానడం కోసమే అయితే అబ్లేషన్ వద్దు.

గోదారిగట్టు:
అమ్మని అడిగాను. మార్చిలో ఆ పది రోజులూ పాలకి ఆయనే వెళ్లారట. రాత్రి గురక మాత్రం బాగా ఎక్కువ.

నాడీపట్టు:
అయితే తేడా తెలిసినట్టే, అబ్లేషన్ మాట ముందుకు తీసుకెళ్లండి. ఈలోగా గురకకి స్లీప్ స్టడీ చేయించండి. నిద్రలో ఊపిరి ఆగుతుంటే, దానికి వైద్యం చేయకపోతే షాకైనా అబ్లేషనైనా ఎక్కువ కాలం నిలవకపోవచ్చు. బరువు కూడా చూడండి. 2015 నాటి లెగసీ అధ్యయనంలో పదో వంతు బరువు తగ్గి నిలబెట్టుకున్నవాళ్లకి ఏఎఫ్ బాగా తగ్గింది. నాన్నగారికైతే అది 8 కేజీల పైచిలుకు.